కండరాల జబ్బు అనుమానం వస్తే ఎటు వెళ్లాలి: బరంపురం, భువనేశ్వర్, విశాఖ, హైదరాబాద్, బెంగళూరు

మా మేనల్లుడు నేల మీద నుంచి లేచే తీరులో తేడా మొదట మా అమ్మకే కనిపించింది. వాడికప్పుడు అయిదేళ్లు. బోర్లా తిరిగి, రెండు చేతులూ నేలకి ఆనించి, నడుం పైకెత్తి, తర్వాత ఒక్కో చెయ్యీ మోకాలి మీదికి, తొడ మీదికి జరుపుకుంటూ తన ఒంటినే నిచ్చెన చేసుకుని లేచేవాడు. పిక్కలు మాత్రం లావుగా, గట్టిగా ఉండేవి. "గుంటడి పిక్కలు చూడండి, పహిల్వాన్‌కి ఉన్నట్టున్నాయి" అని వీధిలో అందరూ మురిసిపోయేవారు.

మాది పర్లాకిమిడి. ముందు ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ ఎక్కువగా ఉన్నాయన్నారు. లివర్ జబ్బు అనుకుని ఎనిమిది నెలలు సిరప్‌లు పట్టించాం. ఆ రెండు ఎంజైములూ కండరం దెబ్బతిన్నా పెరుగుతాయని మాకప్పుడు తెలియదు. తర్వాత ఇంకో డాక్టరు సీపీకే అనే చిన్న పరీక్ష రాశారు. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము అది. మామూలుగా 200 లోపు ఉండాల్సింది వాడికి 14,000 దాటింది. అది డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, జన్యులోపం వల్ల కండరాలు ఏళ్ల మీద క్షీణించిపోయే జబ్బు.

అక్కడి నుంచి ఏడాదిన్నర పాటు నేను వాణ్ణి భుజాన వేసుకుని ఒక ఊరి తర్వాత ఒక ఊరు తిరిగాను. కొన్నిచోట్లకి వెళ్లాల్సింది, కొన్నిచోట్లకి అక్కర్లేదు. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం, కోరాపుట్, జయపురం వైపు ఉండే మన తెలుగువాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటే. భాష విశాఖ వైపు లాగుతుంది, ప్రభుత్వ ఆరోగ్య కార్డు భువనేశ్వర్ వైపు లాగుతుంది. ఆ రెంటి మధ్య ఎలా తేల్చుకోవాలో రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మందు మార్చే నిర్ణయం ఏదైనా మీ డాక్టరుతో మాట్లాడాకే తీసుకోండి.

## అన్నిటికన్నా ముందు: ఎంత వేగంగా పెరుగుతోంది?

ఏ ఆసుపత్రి మంచిదని అడిగేముందు బలహీనత గంటల్లో, రోజుల్లో పెరుగుతోందా, నెలల్లో, ఏళ్లలో పెరుగుతోందా అన్నది చూడండి. ఎటు వెళ్లాలో సగం దీంతోనే తేలిపోతుంది.

నిన్న పాదాల్లో తిమ్మిరి, ఇవాళ కాళ్లు పడిపోవడం, రేపటికి చేతులు కూడా లేవకపోవడం గిలియన్-బారే సిండ్రోమ్ (జీబీఎస్) అనే నరాల జబ్బు లక్షణం కావచ్చు. 1916లో ఫ్రాన్స్ డాక్టర్లు వర్ణించిన జబ్బు ఇది. 2025 జనవరిలో పుణెలో ఒక్కసారిగా కేసులు పెరిగి పేపర్లన్నిటిలో వచ్చింది ఇదే. విరోచనాలో, జలుబో వచ్చి తగ్గిన వారం పది రోజులకి మొదలవడం మామూలు. ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి ఊపిరి కండరాలు కూడా బలహీనపడి వెంటిలేటర్ అవసరమవుతుంది. ఇలాంటప్పుడు మంచి న్యూరాలజిస్టు ఎక్కడున్నాడని ఫోన్లు చేస్తూ కూర్చోకూడదు. వెంటిలేటర్ ఉన్న ఐసీయూ ఎక్కడ దగ్గరగా ఉంటే అక్కడికి వెళ్లాలి.

మయస్థీనియా గ్రావిస్ అనేది ఇంకొకటి, నరం నుంచి కండరానికి సంకేతం సరిగ్గా అందని జబ్బు. పొద్దున్న బాగానే ఉంటారు, సాయంత్రానికి కనురెప్ప వాలిపోతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నమిలి నమిలి దవడ అలిసిపోతుంది. ఇది నెలల తరబడి నెమ్మదిగా నడవొచ్చు. కానీ గుటక పడకపోయినా, మాట ముద్దగా వచ్చినా, పడుకుంటే ఊపిరాడకపోయినా అదీ ఆ క్షణం నుంచి ఎమర్జెన్సీయే.

డుషేన్, భుజాల, తుంటి కండరాలు బలహీనపడే లింబ్ గర్డిల్ డిస్ట్రఫీలు, వెన్నుపాములోని నరకణాలు దెబ్బతినే స్పైనల్ మస్క్యులర్ అట్రఫీలో పెద్ద వయసులో బయటపడే రకాలు ఏళ్ల మీద నడిచేవి. వీటికి పక్షం రోజులు ఆగి, ఆలోచించి, టికెట్టు బుక్ చేసుకుని వెళ్లినా నష్టం లేదు. చంటిబిడ్డ మెత్తగా వేలాడిపోతూ, మెడ నిలపకుండా ఉంటే మాత్రం ఆగకండి. స్పైనల్ మస్క్యులర్ అట్రఫీలో మందు ఎంత ముందు మొదలైతే అంత మేలు.

## చూసుకోవాల్సిన మిగతా సంగతులు

కార్డు. ఇప్పుడు ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ), తెలంగాణలో ఆరోగ్యశ్రీ అక్కడి రేషన్ కార్డు ఉన్నవాళ్లకే, మనకి వర్తించదు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: ఆయుష్మాన్ పనిచేసేది ఆసుపత్రిలో చేరినప్పుడే. ఓపీలో చూపించుకోవడానికి, ఓపీలో రాసిన జన్యు పరీక్షకి అది రాదు. అంటే ఐసీయూలో పడాల్సిన జబ్బుకి కార్డే ప్రాణం. ఏళ్ల మీద నడిచే జబ్బుకి పేరు తేల్చే దశలో మాత్రం కార్డుతో పెద్దగా ఒరిగేది లేదు. మేము ఇది తెలియక కార్డు చెల్లే చోటే తిరగాలనుకుని నాలుగు నెలలు పోగొట్టుకున్నాం.

భాష. నరాల డాక్టరు దగ్గర స్కానింగ్ కన్నా ముందు మాట పనిచేస్తుంది. ఎప్పుడు మొదలైంది, ఏ పని ముందు కష్టమైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్న ప్రశ్నలకి జవాబు చెప్పాల్సింది తల్లి. ఒకచోట నేను మా అక్క మాటల్ని హిందీలోకి తిప్పి "కమ్‌జోరీ హై" అని తేల్చేశాను. విశాఖలో డాక్టరమ్మ నేరుగా మా అక్కనే తెలుగులో అడిగింది. "లెట్రిన్‌కి కూచుంటే లేవలేక నన్ను పిలుస్తున్నాడండి, నాలుగో ఏట నుంచీ ఇంతే" అంది అక్క. ఆ మాట నేనే మొదటిసారి వినడం. ఆ ఒక్క వాక్యంతో జబ్బు మొదలైన వయసు ఏడాది వెనక్కి జరిగింది.

పరీక్షల సదుపాయం, తిరిగి వెళ్లే దూరం. డుషేన్ లాంటి జబ్బుకి ఆసుపత్రితో పరిచయం ఒక్కసారితో అయిపోదు. గుండె, ఊపిరితిత్తులు, వెన్నెముక, ఎముకలు ఏళ్ల తరబడి చూపించాలి. పిల్లాడు నడిచినన్నాళ్లు దూరం తెలియదు. చక్రాల కుర్చీ వచ్చాక రైలెక్కించడం ఎంత పనో తెలుస్తుంది.

## ఒక్కో ఊరు

బరంపురం. 1962లో మొదలైన ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద ఉన్నదే. గంజాం, గజపతి జిల్లాలవాళ్లకి ఎమర్జెన్సీ వస్తే నా దృష్టిలో మొదటి మజిలీ ఇదే. కార్డు చెల్లుతుంది, ఊళ్లో తెలుగు వినపడుతుంది, రాత్రిపూట అంబులెన్సులో చేరుకోగలిగిన దూరం. కోరాపుట్, జయపురం వైపు వాళ్లకి ఇదే పాత్ర 2017లో వచ్చిన కోరాపుట్ షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీది. అరుదైన డిస్ట్రఫీకి రకం తేల్చడానికి ఇక్కడే పట్టుపట్టి కూర్చోకండి. కానీ వేరేచోట పేరు తేలాక మూడు నెలలకోసారి బరువు, బీపీ, సుగరు చూడడానికి, స్టెరాయిడ్ డోసు సరిచూడడానికి ఇంతకన్నా వీలైన చోటు లేదు.

భువనేశ్వర్. 2012లో మొదలైన ఎయిమ్స్ ఉంది, పక్కనే కటక్‌లో ఎస్‌సీబీ మెడికల్ కాలేజీ ఉంది. ఒడిశా కార్డుతో పెద్ద వైద్యం కావాలంటే ఇటే. జీబీఎస్‌కి ఇచ్చే ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) లెక్క చూడండి: కిలో బరువుకి 2 గ్రాములు, అయిదు రోజుల్లో. అరవై కిలోల మనిషికి 120 గ్రాములు. సొంత డబ్బుతో కొంటే లక్షలు. దీనికి బదులు ప్లాస్మా ఎక్స్ఛేంజ్ (రక్తంలోని ప్లాస్మాని తీసి మార్చడం) చేసినా ఫలితం దాదాపు సమానమే, మొదటి రెండు వారాల్లో మొదలుపెట్టడం ముఖ్యం. కాబట్టి కార్డు మీద ఈ రెంటిలో ఏది ముందు దొరికితే అదే మంచిది. ఇక్కడి కష్టం భాష. పెద్దవాళ్లు ఒడియా తడుముకుంటారు. ఒడియా మీడియంలో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లండి, తల్లి చెప్పేది ముందే ఒక పేజీ రాసుకుని వెళ్లండి.

విశాఖపట్నం. కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ప్రభుత్వ ఆసుపత్రి. ఆంధ్రా మెడికల్ కాలేజీకి న్యూరాలజీ విభాగం ఉంది. ఒడిశా నుంచి వచ్చే రోగులు ఇక్కడ కొత్త కాదు. గుణుపురం, పర్లాకిమిడి నుంచి నౌపడ మీదుగా, రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా రైలుంది. నరాల్లో కరెంటు ఎలా పారుతోందో చూసే నరాల కండక్షన్ పరీక్ష, కండరాల్లో చూసే ఈఎంజీ కావాల్సిన పెద్దవాళ్లకి, జబ్బు నరానిదా కండరానిదా అని తేల్చుకోవాల్సినవాళ్లకి నేను చెప్పేది విశాఖే. భాష అడ్డం రాదు, పొద్దున వెళ్లి మర్నాటికి ఇంటికి రావచ్చు. ప్రైవేటుకి వెళ్తే మాత్రం అడ్మిషన్ రాసేముందే మన ఆయుష్మాన్ అక్కడ చెల్లుతుందో లేదో కౌంటర్లో అడగండి. కార్డు దేశమంతా చెల్లుతుందన్న మాట నిజమే, కానీ ఆ ఆసుపత్రి జాబితాలో ఉండాలి, ఆ ప్యాకేజీ అక్కడ ఉండాలి.

హైదరాబాద్. పిల్లలకి వచ్చే వంశపారంపర్య జబ్బుకి పేరు తేల్చడానికి నా ఓటు ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌కే. న్యూరాలజీతో పాటు జన్యువైద్య విభాగం కూడా అక్కడే ఉంది. 2021 అరుదైన జబ్బుల జాతీయ విధానంలో మొదటి ఎనిమిది కేంద్రాల్లో నిమ్స్, అక్కడి డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఒకటి. ఆ విధానం కింద ఒక్కో రోగికి 50 లక్షల దాకా సాయం ఉంది. డుషేన్, స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ జాబితాలో ఉన్నాయి. ఆ డబ్బు కుటుంబం చేతికి రాదు, కేంద్రం ద్వారానే వైద్యానికి ఖర్చవుతుంది. జాబితాలో జబ్బు పేరు ఉందని వెంటనే మందు చేతికి వస్తుందనుకోవద్దు, డాక్టర్ల కమిటీ చూసి నిర్ణయించాలి. నిమ్స్‌లో బయటి రాష్ట్రం వాళ్లం డబ్బు కట్టే చూపించుకోవాలి. బరంపురం నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా, కోణార్క్, రాయగడ నుంచి నాగావళి. అదే నాగావళి చివర నాందేడ్ దాకా పోతుంది. మహారాష్ట్రలో ధర్మాబాద్, దెగ్లూర్, బిలోలి వైపు తెలుగువాళ్లకీ ముంబై, పుణెల కన్నా హైదరాబాదే దగ్గర, వాళ్లకీ ఇదే సలహా పనికొస్తుంది.

బెంగళూరు, వెల్లూరు. బెంగళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్‌హాన్స్ పేరు చెప్పగానే అందరూ "అక్కడికే వెళ్లండి" అంటారు. కండరాల జబ్బుల్లో వాళ్ల అనుభవం పెద్దదన్నది నిజం. వెల్లూరు సీఎంసీ కూడా అంతే. కానీ భువనేశ్వర్ నుంచి వచ్చే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ బరంపురంలో ఎక్కితే బెంగళూరు చేరేసరికి ఒక రోజు దాటుతుంది. పైగా రూము, తిండి, రిపోర్టు కోసం ఆగడం. నా అభిప్రాయం: మొదటి అడుగుగా వెళ్లకండి. సీపీకే, జన్యు పరీక్షలు అయ్యాక కూడా పేరు తేలకపోతే, కండరం ముక్క తీసి చూడాల్సి వస్తే, ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు చెప్తే అప్పుడు ఆ ఫైలు పట్టుకుని వెళ్లండి. ఖాళీ చేతుల్తో వెళ్లిన మేము ఇక్కడే చేయించుకోగలిగిన పరీక్షల కోసం అక్కడ తొమ్మిది రోజులు ఉన్నాం.

| ఊరు | దేనికి వెళ్లాలి | కార్డు | భాష | మళ్లీ మళ్లీ వెళ్లాలంటే |
|---|---|---|---|---|
| బరంపురం, కోరాపుట్ | ఎమర్జెన్సీ, మూడు నెలల చెకప్ | చెల్లుతుంది | ఫర్వాలేదు | సులువు |
| భువనేశ్వర్, కటక్ | ఖరీదైన అడ్మిషన్ | చెల్లుతుంది | ఒడియా, హిందీ | ఓపిక కావాలి |
| విశాఖ | ఈఎంజీ, పెద్దవాళ్ల జబ్బులు, రెండో అభిప్రాయం | ముందే అడగాలి | తెలుగు | సులువు |
| హైదరాబాద్ | జన్యు పరీక్ష, వంశపారంపర్య జబ్బులు | ఓపీకి పనికిరాదు | తెలుగు | ఏడాదికోసారి అయితే వీలే |
| బెంగళూరు, వెల్లూరు | తేలని కేసులు, బయాప్సీ | ఓపీకి పనికిరాదు | సర్దుకోవచ్చు | కష్టం |

## ఏ పరీక్ష ముందు?

ఊరు ఎంచుకున్నాక డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. మొదటిది సీపీకే. కొన్ని వందల రూపాయల పని, ఏ ల్యాబ్‌లోనైనా అవుతుంది. పిల్లాడికి ఎస్‌జీపీటీ ఎక్కువ వచ్చి, కామెర్లు లేక, నడక తేడాగా ఉంటే డాక్టరుని సీపీకే రాయమని అడగండి. తోడుగా జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైము చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. లివర్ జబ్బయితే సాధారణంగా అదీ పెరుగుతుంది, కండరం జబ్బయితే మామూలుగానే ఉంటుంది. మా వాడి ఎనిమిది నెలలు పోయింది ఈ తేడా దగ్గరే.

డుషేన్ అనుమానమైతే తర్వాతది ఎంఎల్‌పీఏ అనే జన్యు పరీక్ష. డిస్ట్రఫిన్ జన్యువు మనిషి జన్యువుల్లోకెల్లా పెద్దది, 79 ముక్కలుగా ఉంటుంది. ఈ జబ్బున్న పిల్లల్లో మూడింట రెండొంతుల మందికి అందులో కొన్ని ముక్కలు ఊడిపోయి ఉంటాయి. ఎంఎల్‌పీఏ ఆ ఖాళీల్నే లెక్కపెడుతుంది. అందులో ఏమీ దొరక్కపోతే జన్యువు మొత్తం చదివే సీక్వెన్సింగ్. దానిలోనూ దొరక్కపోతే బయాప్సీ, అంటే కండరం ముక్క తీసి చూడడం. ఒకప్పుడు బయాప్సీతోనే మొదలుపెట్టేవారు, ఇప్పుడు పిల్లాడి తొడ కోయాల్సిన అవసరం చాలామందికి రాదు. సూదులు గుచ్చే ఈఎంజీ కూడా ఇంత స్పష్టంగా ఉన్న పిల్లాడికి కొత్తగా చెప్పేది తక్కువ. మా వాడికి ఒకచోట చేశారు. వాడు ఏడ్చిన ఏడుపు నాకు ఇంకా చెవుల్లో ఉంది.

నేరుగా "ఎక్సోమ్" (అన్ని జన్యువుల ముఖ్య భాగాలనీ ఒకేసారి చదివే పరీక్ష) చేయించుకోండి, అన్నీ ఒకేసారి తెలిసిపోతాయని కొన్ని ల్యాబ్‌ల ఏజెంట్లు చెప్తారు. ఖాళీల్ని లెక్కపెట్టడంలో ఎక్సోమ్‌ని పూర్తిగా నమ్ముకోలేం. స్పైనల్ మస్క్యులర్ అట్రఫీలో ఎస్‌ఎంఎన్1 జన్యువు పక్కనే అచ్చం దానిలాంటి ఎస్‌ఎంఎన్2 ఉంటుంది, అందుకని దానికి విడిగా పరీక్ష చేయాలి. లింబ్ గర్డిల్ లాంటి వాటిలో, ఏ జన్యువో ఊహించలేనప్పుడు మాత్రం ఎక్సోమ్ మంచి దారే.

పెద్దవాళ్ల సంగతి వేరు. మయస్థీనియాకి రక్తంలో యాంటీబాడీ పరీక్ష, నరాన్ని వరసగా ప్రేరేపించి చూసే పరీక్ష, ఛాతీ సీటీ స్కాన్ కావాలి. జన్యు పరీక్షతో పని లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లు జెంటామైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌తో ఒక్కసారిగా దిగజారిపోవచ్చు. ఊళ్లో జ్వరానికి ఇంజెక్షన్ వేయించుకునేముందు జబ్బు పేరు రాసిన చీటీ చూపించండి.

## మేనరికం మాట

మా అక్కది మేనరికం. జబ్బు పేరు తెలిసిన రోజే "దగ్గరి సంబంధం చేసుకున్నందుకే ఇలా" అని చుట్టాల్లో మాట పుట్టింది. డుషేన్‌కి మేనరికం కారణం కాదు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, కొడుకుకి అది తల్లి వైపు నుంచే వస్తుంది, భర్త చుట్టమైనా పరాయి అయినా ఒకటే. మూడో వంతు కేసుల్లో తల్లి దగ్గర కూడా లోపం ఉండదు, బిడ్డలో కొత్తగా పుడుతుంది. లింబ్ గర్డిల్ డిస్ట్రఫీల్లో చాలా రకాలకి, స్పైనల్ మస్క్యులర్ అట్రఫీకి మాత్రం తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపం రావాలి, అక్కడ మేనరికంతో రిస్కు పెరుగుతుంది.

ఈ తేడా కోసమైనా పేరు కచ్చితంగా తేల్చుకోవాలి. తల్లి క్యారియర్ (జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువు మోసేది) అయితే తన అక్కచెల్లెళ్లకీ పరీక్ష చేయించాలి, తన గుండె కూడా అప్పుడప్పుడు చూపించుకోవాలి. మళ్లీ గర్భం అయితే మూడో నెలలోనే పరీక్ష చేయవచ్చు, కానీ మొదటి బిడ్డ జన్యు రిపోర్టు చేతిలో ఉంటేనే. మా చెల్లి పెళ్లికి ముందు తన రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. తనకి లేదని వచ్చింది.

## మీ పరిస్థితి ఏదైతే

కూలి పనికి వెళ్తేగానీ పూట గడవని ఇంట్లో నడుస్తున్న పిల్లాడు ఉంటే: సీపీకే ఊళ్లోనే చేయించి, బరంపురంలో పిల్లల డాక్టరుకి చూపించి, ఒక్కసారి మాత్రం హైదరాబాద్ వెళ్లి జన్యు రిపోర్టు తెచ్చుకోండి. డుషేన్ అని తేలితే స్టెరాయిడ్ మొదలుపెట్టే విషయం ఆలస్యం చేయకుండా మాట్లాడండి. నడక ఆగిపోవడాన్ని అది కొన్నేళ్లు ఆలస్యం చేస్తుంది, మందు ఖరీదూ తక్కువే. ప్రెడ్నిసొలోన్, డెఫ్లాజాకార్ట్ రెండిట్లో డెఫ్లాజాకార్ట్‌తో బరువు కాస్త తక్కువ పెరుగుతుంది, కంటిలో శుక్లాలు ఎక్కువ. పది రోజులు వేసి పది రోజులు ఆపే పద్ధతి కన్నా రోజూ వేయడమే మేలని 196 మంది పిల్లల మీద చేసి 2022లో వెలువడిన ట్రయల్ తేల్చింది. ఏ రకమైనా సరే, మందు అయిపోయిందని ఒక్కసారిగా ఆపేయకండి, ప్రాణం మీదికొస్తుంది. ఊరెళ్లేటప్పుడు పది రోజుల మాత్రలు అదనంగా పెట్టుకోండి.

ఉద్యోగం, కొంచెం పొదుపు ఉన్నవాళ్లు: బెంగళూరు టికెట్టు డబ్బుని ఇంటి దగ్గర ఫిజియోథెరపీకి, రాత్రి కాళ్లకి వేసే స్ప్లింట్లకి మళ్లించండి. రెండో అభిప్రాయం కావాలంటే ఫైలు స్కాన్ చేసి పంపించి, రమ్మంటేనే వెళ్లండి.

పిల్లాడు కుర్చీలోకి వచ్చేశాక: ఎక్కువ తిప్పకండి. ఏడాదికోసారి గుండె ఎకో, ఊపిరి పరీక్ష ఎక్కడ దగ్గరైతే అక్కడ. 2016 దివ్యాంగుల చట్టంలో మస్క్యులర్ డిస్ట్రఫీ పేరుతో సహా ఉంది, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు చేయించండి. రైల్లో తోడు వచ్చేవాళ్లకీ రాయితీ ఉంది, దానికేం కావాలో రైల్వేలో అడగండి. ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరుకి జబ్బు పేరు ముందే చెప్పాలి, సక్సినిల్‌కోలిన్ అనే మందు ఈ పిల్లలకి ఇవ్వకూడదు.

## కేసు స్టడీ, రిజిస్ట్రీ, ట్రయల్: ఎవరైనా అడిగితే

పెద్ద ఆసుపత్రుల్లో ఒకరోజు డాక్టర్లు వచ్చి "మీ బాబు కేసు రాసుకుంటాం" అంటారు. మొదట మాకు భయం వేసింది. తర్వాత అర్థమైంది, ఇవి మూడు వేరు వేరు సంగతులు.

కేసు స్టడీ అంటే ఒకరిద్దరి జబ్బుని వివరంగా రాయడం. మీకు కొత్త మందేమీ ఇవ్వరు, నష్టం తక్కువ. 1868లో డుషేన్ అనే డాక్టరు 13 మంది పిల్లల్ని వర్ణించబట్టే ఈ జబ్బుకి ఆ పేరొచ్చింది. 1934లో మేరీ వాకర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ ఒకే ఒక్క మయస్థీనియా రోగికి ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూసింది. ఇవాళ వాడే పిరిడోస్టిగ్మిన్ ఆ దారిలో వచ్చిందే. మన దక్షిణాదిలోనే ఎక్కువగా కనిపించే మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అనే నరాల జబ్బు ప్రపంచానికి తెలిసింది 1970లో ఇక్కడి డాక్టర్లు రాసిన కేసుల వల్ల. కానీ ఒక్క మనిషికి తగ్గిందని రాసినంత మాత్రాన ఆ మందు అందరికీ పనిచేస్తుందని కాదు. ఫోనులో ఎవరైనా అలాంటిది పంపిస్తే ఎంతమంది మీద చూశారు, మందు ఇవ్వనివాళ్లతో పోల్చారా అని అడగండి.

రిజిస్ట్రీ అంటే జబ్బున్నవాళ్ల వివరాల పుస్తకం. నేనైతే చేరమనే చెప్తాను. ఏ ముక్క ఊడిందో దాన్నిబట్టి కొత్త మందులు వస్తున్నాయి. జన్యువులో 51వ ముక్కని వదిలేసి చదివించే మందు వందలో సుమారు 13 మందికి మాత్రమే సరిపడుతుంది. అలాంటి ట్రయల్ వస్తే పిలుపు అందేది పేరున్నవాళ్లకే.

ట్రయల్ అంటే నిజంగా మందు పరీక్షించడం. లాభం ఉండొచ్చు, నష్టమూ ఉండొచ్చు. అమెరికాలో 2023లో అనుమతి పొందిన డుషేన్ జన్యు చికిత్స తర్వాత 2025లో నడవలేని స్థితిలో ఉన్న ఇద్దరు పిల్లలు లివర్ దెబ్బతిని చనిపోయారు. ట్రయల్ అన్నవాళ్లని సీటీఆర్ఐ (మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడగండి. మన దేశంలో 2009 నుంచి ప్రతి ట్రయల్‌నీ అందులో నమోదు చేయడం తప్పనిసరి. పరీక్షిస్తున్న మందుకి మీ దగ్గర డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. మూలకణాల ఇంజెక్షన్లకి లక్షలు తీసుకునే చోట్లు ఉన్నాయి. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బులకి మూలకణాలు ట్రయల్‌లో తప్ప వైద్యంగా ఇవ్వకూడదు. మా బావ తన బండి అమ్మి అలాంటి ఒక చోటికి డబ్బు కట్టబోయాడు. ఆ నంబరు అడిగితే వాళ్లు ఫోను పెట్టేశారు.

వీటిల్లో దేనికి కాదన్నా మామూలు వైద్యం ఆగదు. కాగితం మీకొచ్చిన భాషలో ఉండాలి, తెలుగులో లేకపోతే చదివి వినిపించమనండి. ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా నోటితో అడగాలన్నది నియమం.

మా వాడికి తొమ్మిదేళ్లప్పుడు విశాఖలో ఒక డాక్టరుగారు వాడు నేల మీద నుంచి లేచేది వీడియో తీస్తామన్నారు, విద్యార్థులకి చూపించడానికి. అక్క కాగితం చదువుతుంటే ఆయన వాడి పక్కన బెంచీ మీద కూర్చుని, "నీకు ఇష్టమేనా బాబూ?" అని అడిగారు.

"నా మొహం కనబడతాదా?" అన్నాడు.

"కనబడదు. నడుం కిందనుంచే తీస్తాం."

వాడు కాసేపు నాకేసి చూశాడు. తర్వాత చెప్పులు విడిచి నేల మీద కూర్చుని, "సరే, తియ్యండి" అన్నాడు. రెండు చేతులూ నేలకి ఆనించాడు.